సొసైటీ అంటే ఎవరిది?

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. విషయం మీ ఇష్టం అన్నారు. బడిపంతులు చేతికి మైకు ఇచ్చి విషయం మీ ఇష్టం అనడం కొంచెం ప్రమాదమే. ప్రతి యేడూ ఈ వేదిక మీద విద్య యొక్క ఆవశ్యకత గురించి ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు, మీరు ఓపికగా వింటూనే ఉన్నారు. ఈసారి అది వదిలిపెట్టి ఒకే ఒక్క మాటను గురించి చెప్పదలచుకొన్నాము. ఆ మాట మన బోర్డు మీద మూడు లిపులలో ఉన్నది. రశీదు పుస్తకం మీద ఉన్నది. రబ్బరు స్టాంపు మీద అరిగిపోయి ఉన్నది. సొసైటీ.

ఎందుకీ మాట అంటారా? నేటి ఎజెండాలో నాలుగో అంశం చూడండి. పిల్లల స్కాలర్‌షిప్పులు, వైద్య సహాయం, కఫన్ దఫన్ ఖర్చు ఇకమీదట చందా బకాయి లేని సభ్యుల కుటుంబాలకు మాత్రమే ఇవ్వాలని తీర్మానం పెట్టారు. పెట్టినవారు మాకు మిత్రులే, సొసైటీ కోసం ఎండనక వాననక తిరిగినవారే. వారిని కారణం అడిగితే ఒకే వాక్యం చెప్పారు: "సొసైటీ అంటే సభ్యులది గదా మాస్టారూ!" ఆ వాక్యం మమ్మల్ని రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. అది నిజమా కాదా తేల్చాలంటే ముందు ఆ మాటను విప్పి చూడాలి గదా.

మా ఆరో తరగతి పిల్లలను అడిగి చూశాము, సొసైటీ అంటే ఏమిటని. ఒక పిల్లవాడు వెంటనే లేచి, "యూరియా మిల్తా సో జాగా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. కాని వాడు చెప్పినది తప్పేమీ కాదు. పల్లెటూళ్ళో సొసైటీ అంటే ఎరువులిచ్చే చోటు, పంట రుణమిచ్చే చోటు. నేతపనివారి వాడలో సొసైటీ అంటే నూలిచ్చి బట్ట తీసుకొనే సహకార సంఘం. బొంబాయిలో స్థిరపడిన మనవాళ్ళు "మా సొసైటీలో లిఫ్టు పాడైంది" అంటారు, అంటే వాళ్ళుండే మేడ. గురుకుల పాఠశాలల ఉద్యోగులు "సొసైటీ నుంచి ఆర్డరు వచ్చింది" అంటారు, అక్కడ అది హైదరాబాదులోనో తాడేపల్లిలోనో ఉండే ఆఫీసు. ఇన్ని అర్థాలు మోస్తున్న మాట నాలుగో అంశం దగ్గర మాత్రం ఒకే అర్థంతో నిలబడుతుందంటే ఎట్లా?

ఈ మాట పుట్టినది లాటిన్ భాషలో. సోసియస్ అంటే తోటివాడు, వెంట నడిచేవాడు. సోసియస్‌లు కలిస్తే సోసియెటాస్. రోమను చట్టంలో దానికి భాగస్వామ్య వ్యాపారమనే అర్థం కూడా ఉండేది. ఫ్రెంచి గుండా ఇంగ్లీషులోకి వచ్చి సొసైటీ అయింది. సోషల్, సోషలిజం, అసోసియేషన్ అన్నీ ఆ ఇంటి పిల్లలే. కంపెనీ అనే మాట చుట్టం కాదు గాని పొరుగింటిది. లాటిన్‌లో పానిస్ అంటే రొట్టె, కలిసి రొట్టె తినేవారు కంపెనీ. ఇప్పటి కంపెనీలలో రొట్టె ఎవరు తింటున్నారో ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం.

సోసియస్ అనే మాటకు అరబీలో సమానమైన పదం వెతికితే మాకు దొరికినది సాహిబ్. సాహిబ్ అంటే అసలర్థం దొర కాదు, యజమాని కాదు. వెంట ఉండేవాడు, సహచరుడు. సహాబా అనే బహువచనం మన పిల్లలకు కూడా తెలుసు. ఆ సాహిబే పారసీ, ఉర్దూల గుండా వచ్చి గౌరవ పదమై, తెలుగు పల్లెల్లో సాయిబు అయింది. చిల్లర కొట్టు సాయిబు, రంపం సాయిబు, గాజుల సాయిబు అని ఊరు ఊరంతా మనవాళ్ళను పిలుస్తుంది. పిలిచేవారికీ తెలియదు, పలికేవారికీ తెలియదు, ఆ మాట మూలంలో తోటివాడా అని పిలుస్తున్నట్లేనని.

ఇక ఉర్దూలోకి వస్తే మనకు మాటల కరువు లేదు. అంజుమన్ పారసీ మాట, కూడిక అని అర్థం. బొంబాయిలో 1874లో పెట్టిన అంజుమనె ఇస్లాం, 1903లో మొదలైన అంజుమనె తరక్కీయె ఉర్దూ ఆ పేరు పెట్టుకొన్నవే. మజ్లిస్ అంటే కూర్చొనే చోటు. జమాఅత్, జమీయత్ రెండూ జమ్అ అనే అరబీ ధాతువు నుంచి వచ్చినవి. జుమా నమాజు, జామియా మస్జిదు కూడా అక్కడివే. మన కోశాధికారి గారు లెక్కల పుస్తకంలో ఒకవైపు "జమ" అని, ఇంకొకవైపు "ఖర్చు" అని తెలుగులో వ్రాస్తారు చూడండి, ఆ జమ కూడా అదే ధాతువు. మనుషులను కూర్చినా జమే, డబ్బును కూర్చినా జమే. ఈ రెండింటిలో ఏది ముందు అన్నదే ఈనాటి తగాదా అనుకొంటాము.

ఇవి చిన్న చిన్న కూటములకు పేర్లు. మనుషులంతా కలిసి బ్రతికే పెద్ద కూటమికి ఉర్దూలో ముఆషరా అనే మాట వేరే ఉన్నది, కలిసిమెలిసి జీవించడం అని దాని భావం. సమాజ్ అని కూడా అంటాము. ఇబ్నె ఖల్దూన్ 1377లో ముఖద్దిమా వ్రాసినప్పుడు మానవ సమూహ జీవితానికి ఉమ్రాన్ అనే మాట వాడినాడు. ఉర్దూలో నేటికీ సోషియాలజీని ఇమ్రానియాత్ అంటున్నామంటే ఆ మాట చలవే. అంటే ఉర్దూలో చిన్నదానికొక మాట, పెద్దదానికొక మాట. ఇంగ్లీషులో ఆ రెండింటికీ కలిపి ఒకే సొసైటీ. చిక్కంతా అక్కడ పుట్టింది.

తెలుగులో సంగతి మరీ తమాషాగా ఉంటుంది. ఈనాడు మనం సంఘం అంటే రిజిస్టరు, కార్యదర్శి, చందా ఉన్న చిన్న కూటమి అనుకొంటాము. ఊళ్ళో ఆడవారు "సంఘం డబ్బులు కట్టాలి" అంటే డ్వాక్రా గ్రూపని అర్థం. సమాజం అంటే లోకమంతా. కాని 1878లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో పెట్టినదాని పేరు సంఘ సంస్కరణ సమాజం. గమనించారా? అక్కడ సంఘం అంటే లోకం, సమాజం అంటే దానిని బాగుచేయ పూనుకొన్న పదిమంది కూటమి. ఇప్పటి వాడుకకు సరిగ్గా తలక్రిందులు! ఆ పాత వాడుక గుర్తులు ఇంకా మిగిలే ఉన్నాయి. బడిలో సాంఘిక శాస్త్రం అంటున్నాము, ప్రభుత్వంలో సాంఘిక సంక్షేమ శాఖ ఉన్నది. అటుపక్క బ్రహ్మ సమాజం, ఆర్య సమాజం, సురభి నాటక సమాజం అన్నీ సంస్థలే. కనుక తెలుగువారికి కూడా ఈ రెండు గదుల మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉన్నది.

ఇంగ్లీషు పాఠం చెప్పే మిత్రుల కోసం ఒక చిన్న సంగతి. పెద్ద అర్థంలో వాడినప్పుడు ఇంగ్లీషువారు ఆ మాట ముందు సాధారణంగా "ఎ" గాని, "ది" గాని పెట్టరు. ఉత్త సొసైటీ అంటారు. ఎ సొసైటీ, ది సొసైటీ అంటే ఫలానా సంస్థ, లేదా ఫలానా దేశపు జనం. మనవాళ్ళు వ్యాసాలలో "ది సొసైటీ మస్ట్ చేంజ్" అని వ్రాస్తారు. లోకం మారాలని వారి ఉద్దేశం. చదివే దొరకు మాత్రం ఏదో సహకార సంఘం మారాలన్నట్లుగా వినబడుతుంది. మార్కులు కోసేటప్పుడు ఇదొకటి చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. చట్టంలో సొసైటీలు రెండు జాతులు. పేరొక్కటే గాని గుణం వేరు.

మొదటి జాతి 1860లో వచ్చిన సొసైటీల రిజిస్ట్రేషను చట్టం క్రింద పుట్టినది. సాహిత్యం, విజ్ఞానం, దాతృత్వం వంటి పనుల కోసం ఏడుగురు గాని, అంతకు మించిగాని కలిస్తే రిజిస్టరు కావచ్చునన్నారు. ఆంధ్ర ప్రాంతంలో చాలాకాలం ఆ చట్టమే నడిచింది. తెలంగాణ ప్రాంతంలో నిజాం కాలపు 1350 ఫస్లీ చట్టం వేరే ఉండేది. ఈ రెండింటి స్థానంలో 2001లో ఉమ్మడి రాష్ట్రానికంతటికీ ఒకే చట్టం వచ్చింది. దానిలోనూ దాతృత్వం, సాహిత్యం, విజ్ఞానం, ప్రజాప్రయోజనం వంటి ఉద్దేశాలే చెప్పినారు. మనది ఈ జాతి.

రెండో జాతి సహకార సంఘాలు. ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే ఊళ్ళో 1844లో 28 మంది, వారిలో నేతపనివారు కూడా ఉన్నారు, తలా కొంత వేసుకొని పిండి, చక్కెర, వెన్న అమ్మే చిన్న దుకాణం తెరిచారు. కల్తీ లేని సరుకు, సరైన తూకం, మిగిలిన లాభం కొనుగోలునుబట్టి సభ్యులకే పంపకం. అక్కడినుంచి పాకిన ఉద్యమం మన దేశానికి 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టంగా వచ్చింది. మన రాష్ట్రానికి 1964లో ప్రత్యేక చట్టం చేసుకొన్నాము, 1995లో పరస్పర సహాయక సంఘాల చట్టం కూడా తోడైంది. ఈ జాతి సొసైటీ సభ్యులది. సభ్యుల డబ్బు, సభ్యుల అవసరం, సభ్యుల లాభం. వాటా లేనివాడు అప్పు అడిగితే లేదనడం అక్కడ న్యాయమే. ఎవరూ తప్పు పట్టరు.

మరి మన జాతి సొసైటీలో సభ్యునికి ఏమొస్తుంది? ఏమీ రాదు. నవ్వకండి, నిజంగానే ఏమీ రాదు. ఆ 1860 చట్టంలో పద్నాలుగో సెక్షను చదివి చూడండి. సొసైటీని మూసివేసినప్పుడు అప్పులు పోను ఏమైనా మిగిలితే దానిని సభ్యులు పంచుకోరాదు. ఐదింట మూడు వంతుల సభ్యులు తేల్చిన మరో సొసైటీకి ఇచ్చివేయాలి. నూట అరవై యేండ్ల క్రిందట ఆ వాక్యం వ్రాసినవారికి స్పష్టంగా తెలుసు, ఈ డబ్బు సభ్యులది కాదని. సభ్యుడు ఇక్కడ యజమాని కాడు, వడ్డించేవాడు. పెండ్లిలో వడ్డించేవారి బంతి చివరనే గదా కూర్చుంటుంది.

అదే చట్టం పదిహేనో సెక్షనులో బకాయిల సంగతి కూడా ఉన్నది. మూడు నెలలకు మించి చందా బకాయి ఉన్నవారికి ఓటు లేదు, సభ్యునిగా లెక్కలోకి రారు అని. సరే, చాలా సబబైన మాట. చందా కట్టకుండా ఎన్నికల రోజు వచ్చి గొంతు చించుకొనేవారిని మనం చూడలేదా? కాని చట్టం తీసుకొన్నది ఓటునే. సహాయం ఊసు అక్కడ లేదు. ఉండదు కూడా, ఎందుకంటే సహాయం సభ్యత్వానికి ప్రతిఫలమని ఆ చట్టం ఎక్కడా అనుకోలేదు.

మన తీర్మానం పెట్టిన మిత్రుల మనసులో ఉన్నది రెండో జాతి సొసైటీ. బోర్డు మీద ఉన్నది మొదటి జాతి. మాట ఒక్కటే కావడంతో ఒకదాని న్యాయం ఇంకొకదానికి అంటుకొన్నది.

పోయిన సంవత్సరం జరిగినది మీలో కొందరికి తెలుసు. పేరు చెప్పము. స్టవ్వులు, గొడుగులు బాగుచేసుకొని బ్రతికిన మనిషి. చేతిలో పని ఉన్నన్ని రోజులు చందా ఆపలేదు, రశీదులన్నీ తగరపు డబ్బాలో దాచుకొన్నాడు. కిడ్నీ జబ్బు చేసి మంచం పట్టిన తరువాత చందా ఆగింది. సహజమే గదా, డయాలిసిసుకు పోయేవాడు చందాకు ఎక్కడ తెస్తాడు? ఆయన పోయిన రోజు ఆయన భార్య ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ డబ్బా మాత్రం తెచ్చి కార్యదర్శిగారి ముందు పెట్టింది. కార్యదర్శి భాయి రిజిస్టరు తెరవకుండానే కఫనుకు, జనాజాకు కావలసినది ఇచ్చి పంపినారు. ఈ తీర్మానం అప్పటికే ఉండి ఉంటే ఆయన ఆ పని చేయగలిగి ఉండేవారా? రిజిస్టరు తెరవాలి, బకాయి చూడాలి, చివరకు లేదనాలి. మనిషికి అవసరం పడేది చందా కట్టలేని రోజునే. కట్టగలిగిన రోజున ఇస్తామని, కట్టలేని రోజున ఇవ్వమని అనడం గొడుగును ఎండు దినాలలో అరువిచ్చినట్లుంటుంది.

ఇంకొక సంగతి. మన రాబడిలో చందాలు ఒక భాగం. రంజాన్‌లో వచ్చే జకాత్, ఫిత్రా ఇంకొక భాగం. జకాత్ ఎవరికి చెందుతుందో ఎనిమిది వర్గాలుగా ఖురాన్‌లో తొమ్మిదో సూరాలో చెప్పి ఉన్నది. పేదలు, అభాగ్యులు, అప్పులలో మునిగినవారు, బాటసారులు మొదలైనవారు. ఆ జాబితాలో "సభ్యులు" అనే వర్గం లేదు. దాని మసాయిల్ ఉలమా చెప్పవలసినవి, మేము లెక్కల పుస్తకం వరకే మాట్లాడుతున్నాము. ఇచ్చినవారు మన రశీదు తీసుకొని సొసైటీకి ఇచ్చామనుకొన్నారు. ఏ సొసైటీకి? రిజిస్టరులో పేర్లున్నవారికా, ఈ మొహల్లాలో అవసరమున్నవారికా? వారినే అడిగితే రెండోదే అంటారని మా నమ్మకం.

సభ్యులే సర్వస్వమనుకొన్న సొసైటీల కథలు చరిత్రలో ఉన్నాయి. 1784లో సర్ విలియం జోన్స్ కలకత్తాలో ఏసియాటిక్ సొసైటీ పెట్టినాడు. సంస్కృతం, అరబీ, పారసీ అన్నీ అక్కడ చర్చలే. చర్చించే సొసైటీలో మాత్రం 1829 వరకు ఒక్క భారతీయుడు కూడా సభ్యుడు కాలేదు. ఏసియా గురించిన సొసైటీ, ఏసియావాడు లేడు! లండనులో 1660లో పుట్టిన రాయల్ సొసైటీకి ఆడవారిని ఫెలోలుగా ఎన్నుకోవడానికి 1945 దాకా పట్టింది. మన రిజిస్టరులో ఆడవారి పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చును గనుక, ఎవరినో చూసి నవ్వేముందు పరదా అవతలికి ఒకసారి వినయంగా చూడాలి. ఈ తీర్మానం ప్యాసైతే ముందుగా దెబ్బ తినేది వారే. భర్త పేరు మీద సభ్యత్వం, భర్త పోతే సభ్యత్వమూ పోయినట్లే.

దీనికి ఎదురు ఉదాహరణ సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారిది. 1864లో ఘాజీపూర్‌లో సైంటిఫిక్ సొసైటీ స్థాపించారు, తరువాత అది అలీగఢ్‌కు మారింది. ఉర్దూలో ఇన్ని మాటలుండగా ఆయన ఆ ఇంగ్లీషు మాటనే ఉంచుకొన్నారు. ఇంగ్లీషు పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చి, ఇంగ్లీషు రానివారికి అందించడం దాని పని. హిందువులు, ముసల్మానులు, ఇంగ్లీషువారు సభ్యులు. రాజా జైకిషన్ దాస్ దానికి కార్యదర్శిగా పనిచేశారు. ఆ సొసైటీ ప్రయోజనం అసలు ఎవరికి?  ఇంగ్లీషు రానివాడి కోసమే ఆ కష్టమంతా.

మిత్రుల ఇబ్బంది మేము ఎరగనిది కాదు. డబ్బు తక్కువ, అడిగేవారు ఎక్కువ. చందాలు వసూలు కావడం లేదు. కట్టేవాడికీ కట్టనివాడికీ తేడా లేకపోతే ఎవరు కడతారని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఓటులో ఉన్నది, పోటీ చేసే హక్కులో ఉన్నది, లెక్కలు అడిగే హక్కులో ఉన్నది. అవి చందా కట్టినవారికే ఉండనివ్వండి, ఇంకా గట్టిగా అమలు చేయండి, మేము మొదట చేయి ఎత్తుతాము. సభ్యులు తమలో తాము కష్టసుఖాలకు పనికివచ్చే నిధి పెట్టుకోవాలంటే అదీ మంచిదే. 1995 చట్టం క్రింద పరస్పర సహాయక సంఘంగా వేరే రిజిస్టరు చేసుకోండి. పొదుపు వేసుకోండి, అప్పు తీసుకోండి. దానికి సభ్యుడే యజమాని. రెండు పుస్తకాలు, రెండు ఖాతాలు. ఒక రశీదు మీద రెండు జాతుల సొసైటీని నడపడమే కుదరదు.

కనుక నాలుగో అంశం చర్చకు వచ్చినప్పుడు ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాము. "చందా బకాయి లేని సభ్యుల కుటుంబాలకు మాత్రమే" అన్నచోట "అవసరమును విచారించి, మన పట్టణ నివాసులకు" అని ఉండాలి. దాని క్రింద ఇంకొక వాక్యం, సభ్యుడు మరణించినచో ఆయన భార్య పేరు ఆమె సమ్మతితో సభ్యుల పట్టికలో చేర్చవలెను అని. విచారణకు ముగ్గురి కమిటీ, అందులో ఒకరు తప్పక స్త్రీ. ఒక్కొక్కరికి ఎంత ఇవ్వాలన్న పరిమితి కార్యవర్గం నిర్ణయిస్తుంది. సవరణ ప్రతిని ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాసి కార్యదర్శి భాయికి ఇచ్చి ఉన్నాము. బలపరిచేవారు ఒకరు కావాలి. అసర్ నమాజు తరువాత ఓటింగు అన్నారు, దయచేసి అంతవరకు ఎవరూ ఇంటికి పోవద్దని మనవి. ఖుదా హాఫిజ్.